విశాఖ ఉక్కపోతలో నిమ్మ సబ్బు: చాలాకాలం వాడాక

నిమ్మ సబ్బు కొనేటప్పుడు అందరం ఒకటే పని చేస్తాం. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాం. ఆ పరీక్షలో ఏ నిమ్మ సబ్బూ ఓడిపోదు. విశాఖలో సబ్బుకి అసలు పరీక్ష మే నెలలో ఉంటుంది, సాయంత్రం ఆఫీసు నుంచి బట్టలు ఒంటికి అంటుకుపోయి ఇంటికి చేరినప్పుడు. రెండో పరీక్ష బిళ్ళ సగం అరిగాక. ఈ రెండూ చూశాకే రాస్తున్నాను.

నేను వాడుతున్నది పెద్ద కంపెనీ సరుకు కాదు. మన ఊళ్ళోనే ఒక మహిళా సంఘం వాళ్ళు చేత్తో చేసి ఎగ్జిబిషన్లలో అమ్ముతారు. 100 గ్రాముల బిళ్ళ 120 రూపాయలు. కొబ్బరి నూనె, పామాయిల్, ఆముదం, నిమ్మ నూనె, నిమ్మగడ్డి నూనె అని రేపర్ మీద ఉంటుంది. పోయిన వేసవికి ముందు మొదలుపెట్టాను, ఇప్పటికీ మా బాత్రూమ్‌లో అదే ఉంది. అంతకుముందు చాలా ఏళ్ళు సింథాల్ లైమ్ వాడాను, చిన్నప్పుడు ఇంటిల్లిపాదికీ లిరిలే. 1975లో లిరిల్ వచ్చిన దగ్గర్నుంచి నిమ్మ సబ్బు అంటే ఆకుపచ్చగా ఉండాలని మన కళ్ళు అలవాటుపడిపోయాయి. ఇది మీగడ రంగులో ఉంటుంది. మా ఆయన మొదట్లో దాన్ని నిమ్మ సబ్బు అంటే నమ్మలేదు.

ముందు వాసన సంగతి. కొత్త బిళ్ళ పెట్టిన రోజుల్లో బాత్రూమ్ తలుపు తీస్తే పచ్చి నిమ్మతొక్క గిల్లినప్పటి ఘాటు వస్తుంది. అది ఎక్కువ రోజులు ఉండదు. నిమ్మ, నారింజ తొక్కల నూనెలో పెద్ద భాగం లిమొనీన్ అనే పదార్థం. నారింజ నూనెలో అయితే అది 90 శాతం పైనే. అది ఇట్టే ఆవిరైపోతుంది, గాలి తగిలితే మారిపోతుంది. సబ్బు సగం అరిగేసరికి తొక్క ఘాటు పోయి నిమ్మగడ్డి వాసన మిగులుతుంది. నిమ్మగడ్డిలో ఉండే సిట్రాల్‌కి కూడా నిమ్మ వాసనే, పైగా అది లిమొనీన్ కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. అందుకే తయారుచేసేవాళ్ళు రెండూ కలుపుతారు. కొందరు దీన్ని మోసం అనుకుంటారు, నేను మాత్రం పనితనం అంటాను. ఒట్టి నిమ్మ నూనె ఒక్కటే పోస్తే చివరి ముక్కకి ఏ వాసనా మిగలదు.

స్నానం అయ్యాక ఒంటి మీద వాసన నిలవదు. తువ్వాలుతో తుడుచుకునేసరికే పోతుంది. చాలామంది దీన్ని లోపం కింద రాస్తారు. మన ఊరి ఉక్కలో ఘాటైన సెంటు చెమటతో కలిస్తే బస్సులో పక్కవాళ్ళకి కూడా ఇబ్బందే. ఒంటికి ఏ వాసనా లేకుండా, జిడ్డు పోయి, చల్లగా అనిపిస్తే నాకు చాలు. మే నెల సాయంత్రాల్లో ఈ సబ్బు ఆ పని చేసింది, నేను మళ్ళీ మళ్ళీ కొన్నది అందుకే.

నీళ్ళ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే విశాఖలో ఏ సబ్బు మంచిదన్నది సగం నీళ్ళే తేలుస్తాయి. మా అపార్ట్‌మెంట్‌లో మామూలుగా జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి నీళ్ళు వస్తాయి, అవి చాలనప్పుడు బోరు నీళ్ళు వదులుతారు. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి సబ్బుతో కలిసి తెల్లటి తెట్టుగా బకెట్ అంచుకి పడతాయి, నురుగు రాదు, ఒళ్ళు ఎంత కడిగినా జిగురుగానే ఉంటుంది. ఈ సబ్బుకి బోరు నీళ్ళలోనూ నురుగు వస్తుంది. కుళాయి నీళ్ళలో వచ్చినంత రాదు కానీ చాలినంత వస్తుంది. అది కొబ్బరి నూనె గుణం. ఓడల మీద సముద్రపు నీళ్ళతో స్నానం చేసేవాళ్ళకి కొబ్బరి నూనె సబ్బే ఇచ్చేవారు, ఉప్పు నీళ్ళలో కూడా నురగ ఇస్తుందని. ఋషికొండలో పిల్లలు అలల్లో ఆడి వచ్చాక ఒంటి మీద ఉప్పు ఉండగానే దీన్ని రుద్దితే నురుగు బాగానే పట్టింది.

స్టాల్ దగ్గర ఉన్నామె, "నిమ్మరసం కూడా పోశాం మేడమ్, మచ్చలు పోతాయి" అన్నారు. మచ్చలు పోవు. సబ్బు అంటేనే క్షారం. దాంట్లో పడిన నిమ్మరసంలోని ఆమ్లం ఆమ్లంగా ఉండదు, సోడియం సిట్రేట్‌గా మారిపోతుంది. అయితే ఆ సిట్రేట్‌కి కాల్షియాన్ని పట్టి ఉంచే గుణం ఉంది కాబట్టి తెట్టు కట్టడం కొంత తగ్గుతుంది. నిమ్మరసం వల్ల మొహానికి లాభం లేదు, బకెట్‌కి ఉంది. నేను మొహానికి ఈ సబ్బు అసలు వాడను.

డిసెంబర్, జనవరిలో పక్కన పెట్టేశాను. కొబ్బరి నూనె వాటా ఎక్కువ ఉన్న సబ్బు చర్మం మీది జిడ్డుని గట్టిగా లాగేస్తుంది. వేసవిలో మనకి కావలసింది అదే. చలికాలంలో కాళ్ళ మీద గోటితో గీస్తే తెల్ల గీత పడింది, స్నానం అవగానే నూనె రాసుకోవాల్సి వచ్చింది. పొడి చర్మం ఉన్నవాళ్ళు దీన్ని వేసవి సబ్బుగానే చూసుకోండి.

ఇక కరిగిపోవడం. చేత్తో చేసే సబ్బులో గ్లిజరిన్ అలాగే ఉండిపోతుంది. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. వానాకాలంలో బిళ్ళ మీద చిన్న చిన్న నీటి బొట్లు నిలుస్తాయి, అడుగు మెత్తబడుతుంది. అడుగున చిల్లులు లేని సబ్బు పెట్టెలో పెడితే 120 రూపాయలు నీళ్ళలో కలిసిపోతాయి. నేను కొనగానే చాకుతో రెండు ముక్కలు చేస్తాను. ఒకటి జాలీ పెట్టెలో పెట్టి, రెండోది కాగితంలో చుట్టి బీరువాలో దాస్తాను. రెండో ముక్క బయటికి తీసినప్పుడు వాసన మళ్ళీ బాగా తెలుస్తుంది, బీరువాలో చీరలకి కూడా కొంచెం పడుతుంది.

ధర ఎక్కువే. షాపు సబ్బే చాలనుకునేవాళ్ళు రేపర్ మీద టీఎఫ్ఎమ్ శాతం చూడండి, సబ్బులో నూనె పదార్థం ఎంత ఉందో చెప్పేది అదే. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రకారం మొదటి గ్రేడ్ టాయిలెట్ సబ్బుకి 76 శాతం ఉండాలి. 'బాతింగ్ బార్' అని రాసి ఉంటే 40 ఉన్నా సరిపోతుంది. రెండింటి మీదా నిమ్మకాయ బొమ్మ ఒకేలా ఉంటుంది.

ఈ సబ్బు మీద నాకున్న గట్టి ఫిర్యాదు రేపర్ గురించి. తయారీ తేదీ లేదు, లైసెన్స్ నంబర్ లేదు. సబ్బు కూడా కాస్మెటిక్సే, చట్టం ప్రకారం ఆ రెండూ ఉండాలి. తేదీ విషయం నిమ్మ సబ్బులకి మరీ ముఖ్యం. గాలికి మారిపోయిన లిమొనీన్ కొందరి చర్మానికి పడదు, దద్దుర్లు, దురద వస్తాయి. మా చెల్లికి మెడ దగ్గర ఎర్రబడింది, సబ్బు మానేశాక తగ్గింది. సున్నితమైన చర్మం అయితే ముందు మోచేతి లోపలి వైపు రుద్ది చూసుకోండి, చంటిపిల్లలకి వద్దు. మొన్న ఎగ్జిబిషన్‌లో తేదీ సంగతి అడిగితే, "ఈసారి నుంచి స్టాంపు వేయిస్తాం మేడమ్" అన్నారు. కొనేవాళ్ళు మీరు కూడా అడగండి, నలుగురు అడిగితే త్వరగా వేయిస్తారు.