బిడ్డకు ఇలవేల్పు పేరా, ఇప్పుడు నడుస్తున్న పేరా?

ఏ ప్రాంతమో తెలియడం: అప్పలనాయుడు, పైడిరాజు అంటే ఉత్తరాంధ్ర; సింహాచలం అప్పన్న, విజయనగరం పైడితల్లి ఆ పేర్లలో ఉన్నారు. మద్దిలేటి, ఓబులేసు కర్నూలు, నంద్యాల వైపు. కోటేశ్వరరావుకు కోటప్పకొండ, యాదగిరికి యాదగిరిగుట్ట. విహాన్, ఆద్య ఏ జిల్లావో చెప్పలేం.

స్పెల్లింగ్: అసలు చిక్కు ఇక్కడే. ఆద్యను ఇంగ్లీషులో మొదట ఒక ‘ఏ’తో, రెండు ‘ఏ’లతో, మధ్యలో ‘హెచ్’ పెట్టి, తీసేసి నాలుగు రకాలుగా రాస్తారు. జనన ధ్రువపత్రంలో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి పడితే పాస్‌పోర్టు దగ్గర ఆగిపోతారు. పాత పేర్లకు మరో తంటా: కోటేశ్వరరావులో ‘రావు’ను విడదీస్తే విదేశాల్లో అదే ఇంటిపేరు అనుకుంటారు. కలిపి రాయడమే మేలు.

గడువు: రెంటికీ ఒకటే. జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించండి. పేరు ఏడాదిలోపు ఉచితంగా చేర్చవచ్చు, ఆపైన 15 ఏళ్ల వరకు రుసుముతో. కాబట్టి నామకరణానికి ముందే తొందరపడి ఏదో ఒకటి రాయించకండి.

మొక్కు ఉంటే, తాతల పేరు నిలవాలనుకుంటే ఇలవేల్పు పేరే పెట్టండి. బిడ్డ తెలుగు నేలకు దూరంగా పెరిగేట్టయితే రెండక్షరాల పేరు సులువు. రెండూ కావాలంటే నరసింహ, మల్లికార్జున్ లాంటివి చూడండి. దేవుడూ ఉంటాడు, బయటివాళ్లకూ నోరు తిరుగుతుంది.