నాలుగూ నాలుగూ ఒకటేనా? 27 ప్రశ్నల ఫారంపై ఒక నర్సు సమీక్ష

ఇంతవరకు నేను రెండు వస్తువుల మీదే సమీక్షలు రాశాను. ఒకటి, మూడు నెలలకే మోటారు కాలిపోయిన మిక్సీ. రెండోది, పన్నెండు గంటలు నిలబడే వాళ్లకు బాగుంటాయని అంటగట్టిన చెప్పులు. ఈసారి రాస్తున్నది ఒక ఫారం గురించి. దీనికి ధర లేదు, డబ్బా లేదు, గ్యారంటీ అసలే లేదు. అయినా రెండు నైట్ డ్యూటీలు నా చేత పెన్ను కొరికించింది కాబట్టి దీని సంగతీ చెప్పాలి.

నెల్లూరులో పిల్లల ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఎనిమిది పడకల వార్డు, నాది పద్నాలుగేళ్ల సర్వీసు. ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతున్న ఒక అమ్మాయి తన థీసిస్ కోసం ఇన్‌చార్జి సిస్టర్ దగ్గర అనుమతి తీసుకుని మా అందరికీ ఈ ఫారాలు పంచింది. ఇంగ్లీషు ప్రశ్న కింద తెలుగు అనువాదం తనే చేసి పెట్టింది. పేరు రాయనక్కర్లేదు, వయసు, చదువు, ఎన్నేళ్ల అనుభవం అన్నవి రాస్తే చాలు. పైన పెద్ద అక్షరాలతో 'నైతిక క్షోభ కొలమానం' అని ఉంది.

ఆ పేరు మీదే డ్యూటీ గదిలో మొదటి పది నిమిషాలు గడిచిపోయాయి. "నైతికం అంటున్నారేమిటి అక్కా, మనమేమన్నా తప్పు చేశామా?" అని కొత్తగా చేరిన పొదిలి అమ్మాయి కంగారు పడింది. సంగతి దానికి పూర్తిగా తలకిందులు. ఆండ్రూ జేమ్‌టన్ అనే తత్వవేత్త 1984లో నర్సుల పని గురించి రాస్తూ ఈ మాటకు అర్థం చెప్పాడు: చేయవలసినదేదో మనిషికి తెలుసు, పనిచేసే చోటి కట్టుబాట్లు మాత్రం దాన్ని చేయనివ్వవు. మేము దీన్నే 'మనసొప్పలేదు' అంటాం, 'చేతులు కట్టేసినట్టుంది' అంటాం. పైన ఆ మాటే రాసి ఉంటే పొదిలి అమ్మాయికి అంత కంగారు ఉండేది కాదు.

ఫారం అసలు పేరు ఎం.ఎం.డి.-హెచ్.పి., అంటే వైద్య సిబ్బంది నైతిక క్షోభను కొలిచేది. ఎలిజబెత్ ఎప్‌స్టీన్ అనే నర్సింగ్ ఆచార్యురాలి బృందం అమెరికాలో తయారుచేసి 2019లో ప్రచురించింది. ఇందులో 27 సందర్భాలు ఉంటాయి. ఒక్కోదానికి రెండు అంకెలు వేయాలి. ఎంత తరచుగా ఎదురైందన్నదానికి 0 నుంచి 4, ఎదురైతే ఎంత బాధ అన్నదానికి మళ్లీ 0 నుంచి 4. రెండింటినీ గుణించి అన్ని వరుసలూ కూడితే మొత్తం వస్తుంది. గరిష్ఠం 432. దీనికి ముందు 2012లో వచ్చిన ఫారంలో 21 సందర్భాలే ఉన్నా, పిల్లల వార్డులకు విడిగా ఒక రూపం ఉండేది. కొత్తదానిలో పెద్దల వార్డుకూ పిల్లల వార్డుకూ, డాక్టరుకూ నర్సుకూ ఒకే కాగితం.

నచ్చినవి ముందు చెబుతాను, లేకపోతే మిక్సీ సమీక్ష లాగే మొత్తం తిట్లే అయిపోతుంది. చూసుకోగలిగినదానికన్నా ఎక్కువ మంది రోగులను అప్పగించడం, కాగితాలు నింపే పనిలో రోగి దగ్గర గడపాల్సిన సమయం పోవడం, నోరు విప్పితే కక్ష కడతారన్న భయం, ఇవన్నీ వరుసగా అచ్చులో ఉన్నాయి. ఇన్నాళ్లూ డ్యూటీ అప్పగింత అయ్యాక మెట్ల దగ్గర గుసగుసగా చెప్పుకున్న మాటలు ఇవి. ఎక్కడో అమెరికాలో కూర్చున్నవాళ్లు మా మెట్ల దగ్గర చెవి పెట్టి విన్నారా అనిపించింది. పదో ప్రశ్న దాటేసరికి పొదిలి అమ్మాయి కూడా కంగారు మానేసింది.

ఇక లెక్క దగ్గరకు వస్తాను. నాకు పేచీ అక్కడే.

రొట్టెల పండుగ రోజుల్లో ఉదయగిరి వైపు నుంచి ఒక ఆరేళ్ల పిల్లవాడు వచ్చాడు. గిలాన్-బారే. కాళ్ల దగ్గర మొదలై పైకి పాకే చచ్చుబాటు అది. ఊపిరి కండరాల దాకా పాకడంతో వెంటిలేటర్ పెట్టారు. ఈ జబ్బులో తెలివి ఎక్కడికీ పోదు, మంచం పక్కన మనం మాట్లాడేవన్నీ వినబడుతూనే ఉంటాయి. చాలామంది పిల్లలు మళ్లీ లేచి నడుస్తారు కూడా, కాకపోతే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. వాడికి నేను రెప్పల భాష నేర్పాను. ఒకసారి వాలిస్తే అవును, రెండుసార్లు వాలిస్తే కాదు. నొప్పా? రెండుసార్లు. దాహమా? ఒకసారి. దూది తడిపి పెదవులకు అద్దితే మళ్లీ ఒకసారి, అంటే ఇంకా కావాలని.

వాళ్లమ్మ స్వర్ణాల చెరువుకు వెళ్లి ఆరోగ్య రొట్టె పట్టుకుని వచ్చింది. కోరిక తీరినవాళ్లు తెచ్చి ఇస్తే కోరిక ఉన్నవాళ్లు అందుకునే రొట్టె అది. "చిటికెడు నోట్లో పెట్టవచ్చా నర్సమ్మా?" అని అడిగింది. నోట్లో గొట్టం ఉంది. ఆ ముక్కను గాజుగుడ్డలో చుట్టి దిండు పక్కన పెట్టాను. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ రౌండ్లకు వస్తే దాన్ని నా జేబులోకి మార్చి, ఆవిడ వెళ్లాక మళ్లీ అక్కడే పెట్టాను.

పద్దెనిమిదో రోజున తండ్రి 'లామా' కాగితం అడిగాడు. వైద్యుల సలహా కాదని రోగిని తీసుకువెళ్లేటప్పుడు రాయించుకునే కాగితం. పథకం కింద మంజూరైన మొత్తం అయిపోయింది. (పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవగా మారినా మా వార్డులో ఇప్పటికీ అందరి నోటా ఆరోగ్యశ్రీయే.) గేదెలు అమ్మిన డబ్బూ అయిపోయింది. వేరే ఊళ్లో ఖర్చు లేకుండా వెంటిలేటర్ దొరుకుతుందని ఎవరో చెప్పారట. ఆ కాగితంలో 'నా ఇష్టపూర్వకంగా తీసుకువెళుతున్నాను' అని ఒక వాక్యం ఉంటుంది. ఆయనకు చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించాను. "ఇష్టం అని మీరే రాసుకున్నారా నర్సమ్మా?" అని అడిగి వేలిముద్ర వేశాడు.

అంబులెన్సు దాకా ఊపిరి అందించే బ్యాగు నొక్కుతూ నేనే వెళ్లాను. లిఫ్టులో వాడు నన్ను చూసి రెప్పలు రెండుసార్లు వాల్చాడు. అప్పుడు నేను వాడిని ఏమీ అడగలేదు.

ఇప్పుడు దీన్ని ఆ ఫారంలో ఎక్కడ రాయాలి? రోగికీ కుటుంబానికీ తప్పుడు ఆశ కల్పించడం చూశారా అని ఒక వరుస ఉంది. ఇక్కడ ఆశ తప్పుడిది కాదు, వైద్య పుస్తకాల్లో ఉన్నదే. డబ్బు చాలక నిజమైన ఆశ చేజారితే రాయడానికి వరుస లేదు. ఖర్చు తగ్గించమని యాజమాన్యమో బీమా సంస్థో ఒత్తిడి పెట్టడం గురించి ఇంకో వరుస ఉంది. మా దగ్గర ఖర్చు తగ్గించమని ఎవరూ అడగరు, అది తండ్రి మెడ మీద పెరుగుతూ పోతుంది. బాగుపడదని మనకు తెలిసినా కుటుంబం పట్టుబడితే చికిత్స సాగించడం మరో వరుస. అదీ మా వార్డులో జరుగుతుంది, కాదనను. కానీ పద్నాలుగేళ్లలో నాకు నిద్రపట్టని రాత్రులు ఎక్కువగా దీనికి ఎదురు వైపువి, బాగుపడే బిడ్డను మంచం మీద నుంచి దింపినవి.

చివరికి పరికరాలూ వసతులూ చాలకపోవడం అనే వరుసలో దీన్ని ఇరికించాను. ఇలాంటివి ఏడాదికి రెండు మూడు జరుగుతాయి, కాబట్టి తరచుదనం 1. బాధ 4. గుణిస్తే నాలుగు. ఇంకాస్త కింద కాగితాల పని. ప్రతి షిఫ్టులో ఉండేదే కాబట్టి 4. విసుగు తప్ప పెద్ద బాధ లేదు, 1 వేశాను. గుణిస్తే అదీ నాలుగే. ఆ రెండు నాలుగులను చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, మూడో పడక పంపు అలారం మోగేదాకా లేవలేదు. గుణకారం ఎందుకు పెట్టారో నాకు అర్థమవుతుంది. రోజూ కొద్దికొద్దిగా నలిగేవాళ్ల బాధ లెక్కలోకి రావాలి, అది న్యాయమే. కానీ ఒక్కసారి పడి అక్కడే గడ్డకట్టేది కూడా ఉంటుంది. తరచుదనం తక్కువని దాన్ని కాగితాల పక్కన కూర్చోబెడితే ఎలా?

నా మొత్తం 171. అయితే ఏమిటి? ఎంత దాటితే ప్రమాదమో చెప్పే గీత ఈ ఫారంలో లేదు. మా పనిలో ప్రతి అంకె వెనుకా ఒక పని ఉంటుంది. తెలివి ఎంత ఉందో చెప్పే కోమా స్కోరు 15 నుంచి 8కి పడిందంటే శ్వాసనాళంలో గొట్టం వేయాలా అని డాక్టరు పరుగెత్తుకొస్తారు. 171కి ఎవరు పరుగెత్తుకొస్తారు? చివర్లో ఇలాంటి బాధ వల్ల ఉద్యోగం మానేద్దామని అనుకున్నారా, మానేశారా, ఇప్పుడు అనుకుంటున్నారా అని అడుగుతుంది. అనుకున్నాను, మానలేదు అని టిక్కు పెట్టాను. ఇంటి లోను గురించి అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ఇంత పొడుగుది వద్దనుకునేవాళ్లకు 2013లో వచ్చిన 'థర్మామీటర్' ఒకటి ఉంది. ఈ రోజుతో కలిపి గత రెండు వారాల్లో ఎంత బాధ అనుభవించారో 0 నుంచి 10 మధ్య ఒక గుర్తు పెడితే చాలు. థీసిస్ అమ్మాయి అదీ ఇచ్చింది. అరనిమిషంలో అయిపోయింది. జ్వరం ఉందని చెబుతుంది, ఎందుకొచ్చిందో చెప్పదు. రెంటిలో ఒకటి ఎంచుకోమంటే 27 ప్రశ్నలదే తీసుకుంటాను. ఐదు చుక్కలకు మూడున్నర.

ఆ అర చుక్క ఆఖరి రెండు ఖాళీ వరుసలకు. పైన లేని సందర్భం ఏదైనా ఉంటే మీరే రాసి అంకెలు వేయండి అని ఉంటుంది. మిక్సీ కంపెనీవాడు ఇంత జాగా ఇవ్వలేదు. అక్కడ రాశాను: 'బాగుపడే బిడ్డను, ఇష్టపూర్వకంగా అని తండ్రికి చదివి వినిపించి, పంపించడం.' 1, 4.

వారం తర్వాత థీసిస్ అమ్మాయి ఫోను చేసింది. మొత్తంలోకి 27 మాత్రమే లెక్కకు వస్తాయట, ఖాళీ వరుసల్లోవి విడిగా పట్టిక వేయాలట. "మీరు రాసింది చాలా పొడుగ్గా ఉంది అక్కా. పట్టికలో పట్టేలా రెండు మాటల్లో చెబుతారా?" అంది.

పేరు రాయని ఫారం నాదేనని ఎలా తెలిసిందని నేను అడగలేదు. మా వార్డులో పద్నాలుగేళ్ల సర్వీసు ఉన్నది నాకొక్కదానికే.

"సాయంత్రం చెబుతానమ్మా" అన్నాను. ఇంకా చెప్పలేదు.