కంపాస్ కట్టరా, తోలు పంచా?

అట్టతో రైలింజన్ చేసేవాళ్లకు అసలు తలనొప్పి చక్రాలే. పెద్ద చక్రాలకు కంపాస్ కట్టర్‌ను (పెన్సిల్ బదులు బ్లేడు ఉండే వృత్తలేఖిని) మించింది లేదు. ఓల్ఫా కంపెనీ వాళ్లది 1 నుంచి 15 సెంటీమీటర్ల వ్యాసం దాకా కోస్తుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) కార్డును ఒక్క చుట్టులోనే తెంపేద్దామని అదిమితే బ్లేడు వంగి, గీత మొదలెట్టిన చోటికి వచ్చి కలవదు. తేలిగ్గా మూడు నాలుగు చుట్లు తిప్పాలి. కట్టర్‌ను నిలిపి కాగితాన్నే తిప్పితే ఇంకా నయం. రింగు కావాలంటే కింద టేపు అంటించి, ముందు బయటి వలయం కోయాలి. లోపలిది ముందే తెగితే సూది ఆనే చోటే ఊడిపోతుంది!

ఇబ్బందల్లా సూది చేసే నడిమి బెజ్జం. ఇరుసు దూరే చక్రానికి అది వరమే, పొగగొట్టం మూతకు మాత్రం మచ్చ.

సెంటీమీటరు లోపు బిళ్లలకు తోలుకు బెజ్జాలు వేసే పంచ్, సుత్తి చాలు. ఒక్క దెబ్బకు సూది గుర్తు లేని బిళ్ల వస్తుంది. కాకపోతే సెట్లో ఉన్న సైజులే గతి; 5.7 మిల్లీమీటర్లు కావాలంటే కుదరదు. కింద కటింగ్ మ్యాట్ (బ్లేడుతో కోసేటప్పుడు బల్ల మీద పరిచేది) పెట్టకండి, పాడవుతుంది. చెక్కముక్క చాలు.

ముందు ఏది కొనాలంటే నేను పంచ్ సెట్టే అంటాను. పెద్ద వృత్తాలను ఓపికుంటే కత్తెరతోనైనా లాగించొచ్చు.