జాగ్రత్త: ‘ఎవాంగెలియన్’ ముగింపు విప్పి చెబుతామనే ఆ ఆన్‌లైన్ క్లాసుకు డబ్బు కట్టకండి

జపాన్ యానిమే (యానిమేషన్) టీవీ సిరీస్ ‘నియాన్ జెనిసిస్ ఎవాంగెలియన్’ ముగింపు మీద నిన్న రాత్రి జరిగిన క్లాసు గురించి రాస్తున్నాను. ఆ ప్రకటన ఎవరిదో నేను పేరు పెట్టి చెప్పనక్కరలేదు. యానిమే చూసే తెలుగువాళ్ల ఫోన్లన్నింటిలో కొంతకాలంగా అదే తిరుగుతోంది. రెండో విడతకు ఆదివారం నుంచి డబ్బు తీసుకుంటారట కాబట్టి, నా కోపం చల్లారేదాకా ఆగకుండా ఈ సంగతి ముందే పదిమందికీ చేరవేయాలనుకున్నాను. సిరీస్ ఇంకా చూడనివారు ఇక్కడే ఆగిపోండి, ఎందుకంటే కథ మొత్తం బయటపడక తప్పదు.

1,499 రూపాయలకు రెండు గంటల క్లాసు, దర్శకుడు హిదేయాకి అన్నో ఇంటర్వ్యూల తెలుగు అనువాదంతో ఒక పీడీఎఫ్, చివర్లో అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు ఇస్తామన్నారు. వచ్చిన పీడీఎఫ్‌లో ఇంటర్వ్యూ ఒక్కటీ లేదు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పేజీలను ఎత్తి, వాటి మధ్య ఉన్న ప్రకటనల వాక్యాలను కూడా తీసే ఓపిక లేకుండా అలాగే తెలుగులోకి దింపి పంపారు. అన్నో ఏమన్నాడో తెలుసుకుందామని తెరిచిన నాకు ఏదో హెడ్‌ఫోన్ల మీద తగ్గింపు ధర ఎంతో తెలిసింది.

క్లాసులో సగం సమయం సిరీస్‌లో కనిపించే శిలువ ఆకారపు పేలుళ్లకూ, కథానాయకుడు షింజి తండ్రి గెండో గది పైకప్పు మీది చెట్టు బొమ్మకూ, మృతసముద్రపు గ్రంథపు చుట్టలకూ పోయింది. ఆ క్రైస్తవ చిహ్నాలలో లోతైన మతపరమైన అర్థమేమీ లేదనీ, జపాన్‌లో అవి కొత్తగా, ఆకర్షణీయంగా కనిపిస్తాయనే వాడుకున్నామనీ సహాయ దర్శకుడు కజుయా త్సురుమాకి ఎప్పుడో చెప్పాడు. ఆ మాట తెలిసినవారెవరూ కోడిగుడ్డుకు ఈకలు పీకడానికి అంతసేపు పెట్టుకోరు. అయినా అప్పటికి ఓపికగానే విన్నాను, ఎందుకంటే నేను డబ్బు కట్టింది చివరి ఘట్టం కోసం.

ఆ చివరి ఘట్టానికి క్లాసు చెప్పినాయన ఇచ్చిన వివరణ ఒక్క వాక్యం: అదంతా షింజి కల. 26వ భాగంలో షింజి మామూలు బడిపిల్లవాడిగా నిద్రలేచి, తన తోటి పైలట్లయిన అమ్మాయిల్లో అసుకాతో పోట్లాడుతూ, రేయిని వీధి మలుపులో ఢీకొనే సరదా సన్నివేశమే అసలు జీవితమనీ, లోకాన్ని ధ్వంసం చేసిన రెండో ఇంపాక్ట్, మనుషుల మీద దాడి చేసే ఏంజెల్స్, వాటితో పోరాడే సంస్థ నెర్వ్ అన్నీ ఆ పిల్లవాడి పీడకలనీ తేల్చేశారు. ఆ సన్నివేశం అక్కడ ఎందుకుందో ఆ భాగమే చెబుతుంది. ‘ఎవా’ అనే భారీ పోరాట యంత్రాన్ని నడపకపోతే తనకు విలువే లేదని నమ్మిన పిల్లవాడికి, నీవు ఇలా కూడా ఉండగలవు, నీలో ఉన్న అవకాశాలలో ఇదొకటి అని చూపించడానికే అది ఉంది. ఆ తరువాతనే అతడు తనను తాను ద్వేషించుకోవడం మానవచ్చునేమో, ఇక్కడ ఉండవచ్చునేమో అనే ఆలోచనకు వస్తాడు, చుట్టూ ఉన్న గోడలు పగిలిపోతాయి, అందరూ చప్పట్లు కొట్టి అభినందిస్తారు. దీన్ని కల అని కొట్టిపారేస్తే అక్కడ షింజి ఎంచుకున్నదంటూ ఏమీ ఉండదు, ఎంచుకోవడం లేకపోతే ఆ ముగింపే లేదు.

టీవీ ముగింపు తరువాత, ఆ ఆఖరి రెండు భాగాలను మరోలా చెప్పిన సినిమాను ఇంకా ఘోరంగా చేశారు. ‘ది ఎండ్ ఆఫ్ ఎవాంగెలియన్’లో మనిషిని మనిషి నుంచి వేరుచేసి ఉంచే ‘ఏటీ ఫీల్డులు’ కరిగి మనుషులంతా నారింజరంగు ఎల్‌సీఎల్ ద్రవంగా మారి ఒక్కటైపోతారు, ఎవరూ ఎవరినీ గాయపరచలేని ఆ స్థితిని షింజి కాదని, ఇతరులూ వాళ్లతోపాటు నొప్పీ ఉండే లోకాన్నే మళ్లీ కోరుకుంటాడు. తన రూపాన్ని తాను మనసులో నిలుపుకొని, బతకాలనే కోరిక ఉన్న ఎవరైనా మనిషిగా తిరిగి రాగలరని సినిమా స్పష్టంగానే చెబుతుంది. ఎర్రటి సముద్రపు ఒడ్డున అసుకా షింజి పక్కన పడుకుని ఉండటానికి కారణం అదే. ఈ మహానుభావుడి లెక్కలో మాత్రం ఆమె ‘మాస్ ప్రొడక్షన్ ఎవా’లనే శత్రు యంత్రాలతో జరిగిన పోరులోనే శాశ్వతంగా పోయింది, ఒడ్డున ఉన్నది షింజి ఊహ. మరి ఊహ అయితే, అంతకుముందు వంటగదిలో చేసినట్టే ఇక్కడ కూడా అతడు ఆమె మెడ నులుముతున్నప్పుడు, అతడు ఊహించని విధంగా ఆమె చేయి లేచి అతని చెంపను ఎందుకు తాకుతుంది, తాకాక అతడు చేతులు వదిలేసి ఎందుకు ఏడుస్తాడు, ఆ వెంటనే ఆమె నోట అసహ్యంతో కూడిన ఆ ఆఖరి మాట ఎందుకు వస్తుంది? తన ఊహలోని మనిషి తనను మెచ్చుకుంటుంది గాని అసహ్యించుకోదు. ఆ అసహ్యమే ఆమె నిజంగా వేరొక మనిషి అనడానికి ఆనవాలని నేను నమ్ముతాను. దీనితో ఏకీభవించనివారు ఉంటారు, వారితో వాదించడం నాకు ఇష్టమే.

ఇక అసలు సంగతికి వస్తాను. సినిమా ముందు వచ్చిందనీ, అది మరీ భయంకరంగా ఉందని జనం గొడవ చేస్తే శాంతింపజేయడానికి చప్పట్ల ముగింపుతో టీవీ భాగాలు తీశారనీ ఆయన అన్నారు. పొరపాటున నోరు జారిందేమోనని, చెయ్యెత్తి, అనుమతి తీసుకుని, చాలా మర్యాదగానే చెప్పాను: “టీవీ ప్రసారం 1995 అక్టోబరు 4న మొదలై 1996 మార్చి 27న ముగిసిందండీ, సినిమా 1997 జులై 19న విడుదలైంది, అందులోని రెండు భాగాలూ మళ్లీ 25, 26 అంకెలతోనే వచ్చాయి, కాబట్టి మీరు చెప్పిన వరుస తిరగబడింది.” కొన్ని క్షణాలు మౌనం. ఆ తరువాత ఆయన నవ్వి, “మీరు డబ్బు కట్టింది వినడానికా, నాకు పాఠం చెప్పడానికా?” అన్నారు. వినడానికేనండీ, అందుకే సరిగా వినాలనుకుంటున్నాను అని నేను అంటూ ఉండగానే నా మైకు ఆగిపోయింది. “కార్టూన్ బొమ్మల తారీఖులు బట్టీపట్టినవాళ్లకు తత్వం ఎక్కదు” అని మిగిలినవారితో అంటున్నారు, ఇద్దరు ముగ్గురు నవ్వుతున్నారు, అంతలో నా తెర నల్లబడింది. నన్ను క్లాసులోంచి తీసేశారు.

అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు అంటే ఇదన్నమాట.

ఇంకా తమాషా ఏమిటంటే, కాసేపటికి నా ఫోనుకు సందేశం వచ్చింది: “అభినందనలు! మీరు క్లాసును విజయవంతంగా పూర్తి చేశారు.” కింద నా పేరు తప్పుగా రాసిన ధ్రువపత్రం కూడా ఉంది. ఆ 26వ భాగం ఆయన చూశారో లేదో అని నాకున్న అనుమానం అప్పుడు కాస్త తగ్గింది.

డబ్బు వాపసు అడిగితే డిజిటల్ సరుకుకు వాపసు లేదని ఒక ముక్క పంపి, నన్ను బ్లాక్ చేశారు. 1,499 పోయినందుకు కంటే, ఆ ముగింపును సొంతంగా ఎన్నోసార్లు చూసి, రాత్రంతా స్నేహితులతో వాదించిన నేను, దానికి అర్థం ఇంకొకరి దగ్గర అమ్మకానికి దొరుకుతుందని ఆశపడ్డానే, అందుకు ఎక్కువ సిగ్గుగా ఉంది. నా తెలివికి ఆ ధ్రువపత్రం సరిపోయింది.

కట్టాలని అనుకుంటున్నవారికి రెండు మాటలు. ముందు టీవీ 26 భాగాలూ చూసి, ఆపైన ‘ది ఎండ్ ఆఫ్ ఎవాంగెలియన్’ చూడండి. 2007 నుంచి 2021 వరకు వచ్చిన నాలుగు కొత్త సినిమాలను వీటితో కలపకుండా విడిగా పెట్టుకోండి, వాటి ముగింపు దారి వేరు, అది అన్నో సొంత ఊరు ఉబేలోని రైల్వే స్టేషన్‌లో ముగుస్తుంది. అప్పటికీ ఎవరి వివరణైనా కొనాలనిపిస్తే, డబ్బు పంపే ముందు పీడీఎఫ్‌లో ఒక పేజీ చూపించమని అడగండి, చూపించకపోతే వదిలేయండి. నాతోపాటు నిన్న కట్టినవారు చెల్లింపు రసీదునూ, ప్రకటన ఫోటోనూ తీసేయకుండా దాచుకోండి. నేను జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫిర్యాదు చేస్తున్నాను, మీరు కూడా ఎవరికి వారు విడిగా చేయండి.