మేఫ్లవర్ వంశవృక్షం అంటే నమ్మి 1,400 డాలర్లు కట్టాను, మీరు కట్టకండి

మా కోడలిది మసాచుసెట్స్. వాళ్ల నాన్నగారి వైపు 1620లో ఇంగ్లండ్ నుంచి వలస వెళ్లినవాళ్లను అమెరికా చేర్చిన మేఫ్లవర్ ఓడలో వచ్చిన జాన్ హౌలాండ్ వంశమని ఇంట్లో చెప్పుకుంటారు. తుఫానులో సముద్రంలో పడిపోయి, వేలాడుతున్న తాడు పట్టుకుని బతికి బయటపడ్డాడే, ఆయన. వియ్యంకుడిగారి డెబ్బయ్యో పుట్టినరోజుకు ఆ వంశవృక్షాన్ని పుస్తకంగా చేయించి ఇద్దామనుకున్నాను. ఆన్‌లైన్‌లో దొరికిన ఒక పరిశోధకుడికి డబ్బంతా ముందే కట్టేశాను. మూడు నెలలకు లెదర్ బైండింగ్‌తో పుస్తకం వచ్చింది. మొదటి పేజీలోనే బంగారు రంగు కోట్ ఆఫ్ ఆర్మ్స్, అంటే వంశ చిహ్నం. చూసి ఎంత మురిసిపోయానో.

పుట్టినరోజు నాడు కోడలి మేనత్తగారు రెండు పేజీలు తిప్పి ఆగిపోయారు. హౌలాండ్ భార్య ఎలిజబెత్‌ని ఆ వలసకు మొదటి గవర్నరైన జాన్ కార్వర్ మనవరాలని రాశారు అందులో. ఒకప్పుడు చాలామంది అలాగే నమ్మేవారట. కానీ ఆ వలస చరిత్ర రాసిన విలియం బ్రాడ్‌ఫర్డ్ చేతిరాత ప్రతి 1855లో లండన్‌లో బయటపడ్డాక, ఆవిడ అదే ఓడలో వచ్చిన జాన్ టిల్లీ కూతురని తేలిపోయింది. అమ్మానాన్నలిద్దరూ మొదటి చలికాలంలోనే పోయారు పాపం. ఓడలో వచ్చిన 102 మందిలో దాదాపు సగం మంది ఆ చలికాలం దాటలేదు. ఎప్పుడో దిద్దేసిన తప్పును నాకు డబ్బు తీసుకుని అమ్మారు.

ఆ రాత్రి నిద్ర పట్టక పుస్తకమంతా పెన్సిల్ పట్టుకుని చూశాను. ఒకచోట తల్లి పుట్టింది 1702, కొడుకు పుట్టింది 1709. ఏడేళ్ల పిల్లకు కొడుకా! ఆధారం దగ్గర "ఆన్‌లైన్ ఫ్యామిలీ ట్రీ" అని తప్ప ఒక్క బాప్టిజం రికార్డు గానీ, వీలునామా గానీ లేదు. ఇక ఆ కోట్ ఆఫ్ ఆర్మ్స్ సంగతి. ఇంగ్లండ్‌లో అది ఇచ్చేది మనిషికి, అతని వారసులకు. అంతేగానీ ఇంటిపేరు కలిసిన ప్రతి ఒక్కరికీ కాదు. డబ్బు వెనక్కి ఇమ్మంటే "పరిశోధన ఫలితాలకు గ్యారంటీ లేదు" అన్న షరతు చూపించారు.

ఈ మోసం కొత్తదేం కాదు. గుస్తావ్ ఆంజూ అనే అతను నూరేళ్ల కిందటే డబ్బున్న అమెరికన్ కుటుంబాలకు దొంగ వంశవృక్షాలు రాసి అమ్మాడు.

కట్టేముందు ఒక్క తరం నమూనా అడగండి. ఈయన ఫలానా ఆయన కొడుకే అనడానికి ఏ కాగితం ఉందో చూపించమనండి. 1752 దాకా ఇంగ్లిష్ లెక్కలో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే పాత రికార్డుల్లో జనవరి నుంచి మార్చి 24 దాకా వచ్చే రోజులకు పాత లెక్క, కొత్త లెక్క రెండూ కలిపి 1640/41 లాంటి తేదీలుంటాయి. అదేమిటో చెప్పలేని మనిషికి పైసా ఇవ్వకండి.

అసలు మేఫ్లవర్ వాళ్ల మొదటి ఐదు తరాలను, వాళ్ల వారసుల సంఘమైన మేఫ్లవర్ సొసైటీ ఆధారాలతో సహా ఎప్పుడో అచ్చు వేసింది. దానికి మళ్లీ డబ్బెందుకు? కష్టమంతా మన వైపు నుంచి ఆ ఐదో తరం దాకా వెళ్లడంలోనే ఉంది. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో చాలా రికార్డులు ఉచితంగా చూడొచ్చు. మిగతా సర్టిఫికెట్లు టౌన్ క్లర్క్ ఆఫీసుల్లో దొరుకుతాయి. ఇప్పుడు నేనూ కోడలూ ఆ పనే చేస్తున్నాం. వియ్యంకుడిగారి తాత పెళ్లి రికార్డు కాపీ పోయిన వారమే చేతికి వచ్చింది.