హొసాయెనాలో చెట్టు కింద పంచాయితీ

బస్సు 2 గంటలకన్నారు. మధ్యాహ్నం కదా అని తీరిగ్గా భోంచేసి వెళ్తే, అది పొద్దున్నే వెళ్లిపోయింది. ఇథియోపియాలో గంటల లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. వాళ్ల 2 అంటే మన ఉదయం 8. టికెట్ డబ్బులు గోవిందా! టైమ్ చెప్పినప్పుడల్లా "మీ లెక్కా, మా లెక్కా" అని అడగండి.

అడిస్ అబాబా నుంచి హొసాయెనా 230 కిలోమీటర్లు. హదియా ప్రజల ముఖ్య పట్టణం ఇదే. ఎత్తు 2,000 మీటర్లు దాటుతుంది కాబట్టి రాత్రిళ్లు స్వెట్టర్ తప్పదు. నేను దిగిన లాడ్జిలో కరెంటు రెండుసార్లు పోయింది, వేడినీళ్లు బకెట్‌లో తెచ్చిచ్చారు. దుప్పటి, కాఫీ మాత్రం అద్భుతం. శాకాహారులు ఉపవాసం భోజనం అడిగితే ఇంజెరా (పులిసిన పిండితో వేసే పెద్ద అట్టు) మీద పప్పు, కూరలు వస్తాయి.

విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసిన ఇక్కడి మిత్రుడొకడు తన ఊరికి తీసుకెళ్లాడు. చూడ్డానికి అరటిలాగే ఉండే ఎన్సెట్ తోటల మధ్య ఊరు. దాని పండు తినరు. కాండం, దుంప గుజ్జును గోతిలో పులియబెట్టి కోచో రొట్టె చేస్తారు. ఆ రోజు పంచాయితీ కూడా ఆ తోట గట్టు గురించే.

పెద్దలు చెట్టు కింద కూర్చున్నారు. రెండు కుటుంబాలూ ఎడంగా కూర్చున్నాయి. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు నోరెత్తకూడదు. ఒక కుర్రాడు అరిస్తే, ఒక ముసలాయన అతన్ని భుజం పట్టుకుని దూరంగా తీసుకెళ్లి, చాలాసేపటికి తీసుకొచ్చాడు. మా ఊరి రచ్చబండ దగ్గరైతే కుర్చీలో కూర్చున్నాయన గొంతే అందరికంటే పెద్దది. ఇక్కడ పెద్దలు ఎక్కువగా వినడమే చూశాను. ఆడవాళ్లు మాత్రం వెనక నిలబడి విన్నారు, ఎవరూ వాళ్లను అడగలేదు. అది నాకు నచ్చలేదు, మిత్రుడితో అనేశాను కూడా.

సాయంత్రానికీ ఏమీ తేలలేదు. వచ్చే వారం మళ్లీ కూర్చుందామన్నారు. "కోర్టుకెళ్తే త్వరగా తేలదా?" అన్నాను. "తేలుతుంది బ్రదర్. కానీ ఆ తర్వాత వీళ్ల దూడ వాళ్ల తోటలో పడితే?" అన్నాడు మిత్రుడు.

తర్వాత హవాసా వెళ్లాను. సరస్సు ఒడ్డున హోటల్, అమోరా గెదెల్ అనే చేపల మార్కెట్లో తాజా చేపలు, సుఖానికి లోటు లేదు. అక్కడి సిదామా ప్రజల కొత్త సంవత్సర పండుగ ఫిచే-చంబలాలా 2015లో యునెస్కో జాబితాకెక్కింది. ఆ పండుగ రోజుల్లో కాక వేరే రోజుల్లో వెళ్తే, "పండుగలో జరిగే రాజీ తంతు చూపిస్తాం, ఫొటోలు ఫ్రీ" అనే ఏజెంటును నమ్మకండి. నేను నమ్మాను. ఓ డాన్సు చూపించి పంపేశాడు.

రాజీ చూడాలంటే హొసాయెనా వైపే వెళ్లండి, అదీ ఆ ఊరివాళ్లు తీసుకెళ్తేనే. ఫోన్ జేబులోంచి తీయొద్దు.

నేను ఇంటికొచ్చిన మూడు వారాలకు మిత్రుడు మెసేజ్ పెట్టాడు. నాలుగోసారి కూర్చున్నారట. గట్టు సంగతి ఇంకా తేలలేదట కానీ, ఆ కుర్రాడు ఈసారి అరవలేదట.