అంపైర్ క్లినిక్ రివ్యూ: అబ్‌స్ట్రక్షన్ సెషన్ ఒక్కటే పైసా వసూల్

డాలస్ పక్కన మా వాడు ఆడే బేస్‌బాల్ లీగ్‌కి పేరెంట్స్‌లోంచి వాలంటీర్ అంపైర్లు కావాలన్నారు, అలా వెళ్ళా ఈ ఒక్కరోజు క్లినిక్‌కి. పొద్దున అంతా స్లైడ్లే, పైనుంచి కిందదాకా చదివి వినిపించడమే, అది మటుకు మహా బోరు.

లంచ్ తర్వాత గ్రౌండ్‌లోకి దిగాక కథ మారింది. అక్కడ నేర్పింది అబ్‌స్ట్రక్షన్, అంటే చేతిలో బంతి లేని ఫీల్డర్ రన్నర్ దారికి అడ్డు రావడం. మూడో బేస్ దగ్గర ఒక కుర్రాడిని నిలబెట్టి, రెండో బేస్ నుంచి ఇంకొకడిని పరిగెత్తించి, మనల్ని కాల్ ఇమ్మంటారు. అందరం బంతినే చూస్తాం కదా, కోచ్ ఒకటే మాట, బంతి ఎలాగూ వస్తుంది, నువ్వు ఫీల్డర్ కాళ్ళు చూడు అని. చూస్తే బంతి ఇంకా గాల్లో ఉండగానే వాడి ఎడమ పాదం బేస్ ముందుకి జరిగిపోయింది, రన్నర్ బ్రేకేసి పక్కకి తిరిగాడు, ట్యాగ్ (బంతితో రన్నర్‌ని తాకి అవుట్ చెయ్యడం) ఆ తర్వాతెప్పుడో. ట్యాగ్ చూస్తూ కూర్చుంటే అసలు తప్పు మనకి కనిపించనే కనిపించదు.

క్రికెట్ చూసి పెరిగిన మన బుర్రకి చటుక్కున ఎక్కనిది ఇంకోటుంది. అక్కడ ఫీల్డర్ కావాలనే అడ్డొచ్చాడని అంపైర్‌కి అనిపించాలి, అప్పుడే 5 పెనాల్టీ పరుగులు. ఇక్కడ ఉద్దేశంతో పనే లేదు. 2013 వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్ సిరీస్) మూడో మ్యాచ్ వీడియో వేశారు, సెయింట్ లూయిస్‌లో, తొమ్మిదో ఇన్నింగ్స్, 4-4 మీద ఉంది, బోస్టన్ క్యాచర్ మూడో బేస్‌కి విసిరిన త్రో పక్కకి పోయింది, దానికోసం డైవ్ కొట్టిన బోస్టన్ మూడో బేస్ ఫీల్డర్ మిడిల్‌బ్రూక్స్ నేలమీదే పడున్నాడు, హోమ్‌కి (రన్ పూర్తయ్యే చోటు) పరిగెత్తబోయిన సెయింట్ లూయిస్ కార్డినల్స్ రన్నర్ అలెన్ క్రెయిగ్ అతన్ని తట్టుకుని పడ్డాడు. తర్వాత హోమ్ దగ్గర ట్యాగ్ కూడా చేశారు, అయినా సేఫ్ (నాటౌట్), కార్డినల్స్ 5-4తో గెలుపు. పాపం నేలమీద పడున్న ఫీల్డర్ ఏం చేస్తాడు అంటే, ఏమీ చెయ్యక్కర్లేదు, అడ్డమయ్యాడు అంతే. మూడో బేస్ అంపైర్ జిమ్ జాయిస్ ఆ కాల్ ఇవ్వడానికి ఎంత గుండె కావాలో!

నా కంప్లైంట్ ఏంటంటే, పెద్దోళ్ళ రూల్‌లో ఫీల్డర్ బంతి అందుకునే పనిలో ఉంటే మినహాయింపు ఉంది, పిల్లల బేస్‌బాల్ అయిన లిటిల్ లీగ్‌లో అది లేదు, చేతిలో బంతి లేకుండా దారి మూసేస్తే అబ్‌స్ట్రక్షనే, ఉత్తుత్తి ట్యాగ్ చేసినా అంతే. పిల్లల మ్యాచ్‌లకి వచ్చిన మాకు ఇదే కదా ముఖ్యం, ఒక్క లైన్‌లో తేల్చేశారు. అడ్డొచ్చినందుకు రన్నర్‌కి బేస్‌లు ఎన్ని ఇవ్వాలన్నదీ అంతే హడావుడి. దారి మూసుకుపోయిన రన్నర్‌నే అవుట్ చెయ్యడానికి ప్లే నడుస్తుంటే వెంటనే ఆపేసి కనీసం ఒక బేస్ ముందుకి పంపాలి, లేదంటే ఆట సాగనిచ్చి చివర్లో అడ్డు లేకపోతే ఎక్కడిదాకా వెళ్ళేవాడో చూసి ఇవ్వాలి. ఈ రెండో రకాన్ని కూడా గ్రౌండ్‌లో రన్నర్లతో చేయించుంటే ఎంత బావుండేది, బోర్డు మీద బాణాలు గీసి వదిలేశారు.

పిజ్జా చల్లగా ఉంది, నీడ అస్సల్లేదు, టోపీ, నీళ్ళు పట్టుకెళ్ళండి. అయిపోయాక కోచ్ కాసేపు అక్కడే ఉంటాడు, బేస్‌ల సంగతి అప్పుడు పట్టుకుని అడగండి, ఓపిగ్గా చెప్తాడు. 5కి 3.5 ఇస్తా, పొద్దుటి స్లైడ్లు తీసేస్తే 4.5.